ఒక గంటకు ఇద్దరు హక్కుదారులు

గుండ్లమెట్ట ప్రభుత్వ విమాన శిక్షణ సంస్థలో ఒక విమానం, ఐదుగురు శిక్షకులు, పదకొండు మంది విద్యార్థులు, ఒక డైరెక్టరు ఉండేవారు. వీళ్ళందరిలో అక్కడినుంచి వెళ్ళిపోవాలన్న తొందర లేనిది విమానం ఒక్కదానికే.

శిక్షకుల తొందరకు కారణముంది. పెద్ద విమాన కంపెనీ ఏదైనా ఉద్యోగం ఇవ్వాలంటే వెయ్యి గంటలు గాలిలో ఉన్న అనుభవం చూపించమంటుంది. వెయ్యి గంటలు సొంత డబ్బుతో ఎగరాలంటే ఎవరి వల్లా అయ్యే పని కాదు. అందుకని పైలట్ పరీక్ష గట్టెక్కినవాళ్ళు ఇలాంటి చోట శిక్షకులుగా చేరతారు. విద్యార్థి పక్కన కూర్చుని నేర్పుతూ ఆ గంటలన్నీ తమ లాగ్‌బుక్కులో రాసుకుంటారు. వెయ్యి నిండిన మర్నాడు అందరికీ మైసూర్‌పాక్ పంచి బస్సెక్కుతారు. విద్యార్థులు కొన్నాళ్ళకు పరీక్ష ప్యాసై, శిక్షకులుగా చేరి, తామూ మైసూర్‌పాక్ రోజు కోసం ఎదురుచూస్తారు. ఇందులో తప్పేమీ లేదు. లోకంలో చాలామంది పంతుళ్ళు వేరే ఉద్యోగం వచ్చేదాకా పాఠాలు చెప్పినవాళ్ళే.

అలివేలుకు ఆ దీపావళి నాటికి తొమ్మిది వందల యాభై అయిదు గంటలు నిండాయి. ఇరవై ఏడేళ్ళ పిల్ల, చీమకుర్తి గ్రానైటు క్వారీలో క్రేను ఆపరేటరు కూతురు. మనిషి మితభాషి. ఇంట్లో వాళ్ళమ్మ ఇంటిల్లిపాది మాటలూ తానొక్కతే మాట్లాడి ఇల్లు నిలబెట్టుకొస్తోంది. అలివేలు పాఠం చెప్పే తీరు కూడా అలాగే ఉండేది. విమానం పైకి లేచాక "చూడు" అని ఒకసారి తాను చేసి చూపించేది. తర్వాత చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకుని కూర్చునేది. విద్యార్థి తప్పుచేస్తే, ఆ తప్పు వాడికే తెలిసేదాకా ఆగేది. తెలియకపోతే అప్పుడు ఒక వేలు ముందుకు చాపి ఏ మీటరు ముల్లు చూడాలో చూపించేది. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు విమానాన్ని దించితే కింద చక్రానికి కూడా తెలిసేది కాదని పేరు.

ఆ ఏడు ఒక పెద్ద కంపెనీ ప్రకటన ఇచ్చింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదు గంటల్లోపు వెయ్యి గంటలు చూపించినవాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కంపెనీ అంతకుముందు మనుషుల్ని తీసుకుని నాలుగేళ్ళయింది. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటుందో ఆ కంపెనీకే తెలియదు. అలివేలు లెక్కవేసుకుంది. నెలకు ఇరవై గంటలు, ఇంకా నాలుగున్నర నెలలు. నిద్రపోతూ కూడా నిండిపోతుందనుకుంది.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి దక్షిణామూర్తి గారు వచ్చారు. నోరు విప్పకుండానే శిష్యుల సందేహాలన్నీ తీర్చిన దేవుడి పేరు పెట్టుకున్న ఆ పెద్దమనిషి, అంతకుముందు పదహారేళ్ళు పౌరసరఫరాల శాఖలో బియ్యం బస్తాలు తనిఖీ చేసి వచ్చాడు. విమానాన్ని దగ్గరగా చూడటం అదే మొదలు. దాన్ని చుట్టూ ఒకసారి తిరిగి, ఇందులో ఎన్ని బస్తాలు పడతాయని అడిగాడట. తర్వాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాడు. మూడోరోజు మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి నిలబడ్డాడు.

ఆయనకు దొరికింది ఇది. విమానం పుస్తకం ప్రకారం ఫలానా మంగళవారం విమానం ఒక గంట ఎగిరింది. విద్యార్థి పుస్తకంలో ఆ మంగళవారం ఒక గంట రాసి ఉంది. శిక్షకుడి పుస్తకంలోనూ ఒక గంట రాసి ఉంది. గోడౌను నుంచి విడుదలైనది ఒక గంట. పంపిణీ అయినవి రెండు గంటలు.

"రెండో గంట ఎక్కడినుంచి వచ్చింది?" అని ఆయన డైరెక్టరు గారిని అడిగాడు.

డైరెక్టరు పరాంకుశం గారు పట్టు పరిశ్రమ శాఖ నుంచి పదోన్నతి మీద వచ్చిన మనిషి. పురుగుల సంగతి అడిగితే గడగడా చెప్పగలడు. ప్రపంచమంతా ఇలాగే రాసుకుంటారండి అని శిక్షకులు ఆయన చెవిలో చెప్పారు. ఆయన అదే మాట దక్షిణామూర్తి గారితో అన్నాడు. ప్రపంచం తన తనిఖీ పరిధిలోకి రాదని దక్షిణామూర్తి గారు రాసుకున్నారు. ఆ తర్వాత ఒక గంటను ఒకరికి మించి అనుభవించడం అక్రమమనీ, తక్షణం విభజించి నివేదించవలసిందనీ అభ్యంతరం పెట్టి వెళ్ళిపోయారు.

దీన్ని తేల్చడానికి సంఘం వేశారు. సంఘం మూడుసార్లు కూర్చుంది. చెరి సగం అన్నారు మొదట. విమానం దిగేటప్పుడు ఎగిరెగిరి పడితే ఆ పాడు నిమిషం ఎవరి సగంలో వెయ్యాలో తేలలేదు. నడిపినవాడికే గంట అన్నారు. అప్పుడు శిక్షకుడు విమానం నడిపే పిడి వదలడు, విద్యార్థికి పిడి అందదు. చివరికి డైరెక్టరు గారే ధ్యానంలోంచి లేచినట్టు లేచి, శిక్షకుడు చేసే పని ఏమిటని అడిగారు. నేర్పడం అన్నారు అందరూ. నేర్పడం అంటే చెప్పడమే గదా, చెప్పడం అంటే మాట్లాడటమే గదా అన్నారాయన.  ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది.

"విమానము గాలిలో నున్న కాలమందు శిక్షకుడు మాట్లాడిన కాలము శిక్షకునికిని, శిక్షకుడు మౌనముగా నున్న కాలము విద్యార్థికిని చెందును. ఇరువురును ఏకకాలమందు మాట్లాడిన యెడల అట్టి కాలము వివాదాస్పదమగుటచే సంస్థకు జమ యగును."

సంస్థ అంటే ఎవరని క్లర్కు అడిగాడు. సంస్థాధిపతి అని డైరెక్టరు గారే మార్జిన్లో స్వహస్తాలతో రాశారు.

ఇక కొలిచేవాడు కావాలి. విద్యాశాఖ నుంచి చలమయ్య గారనే డ్రిల్లు మాస్టారిని డెప్యుటేషన్ మీద తెచ్చారు. ఆయనకు సొంత స్టాప్‌వాచ్ ఉండటమే అర్హత. మెడలో ఈలతో సహా వెనక సీట్లో కూర్చుని, శిక్షకుడి పెదవులు కదిలితే నొక్కేవాడు, ఆగితే మళ్ళీ నొక్కేవాడు. పాపం ఆయనకు ఎత్తుకు పోతే కడుపులో తిప్పేది. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకునే ఉద్యోగధర్మం నెరవేర్చాడు. సంచితో పని పడినప్పుడు గడియారం నొక్కడం కుదిరేది కాదు. అందువల్ల ఏ ప్రయాణానికీ నిమిషాలు సరిగ్గా సరిపోయేవి కావు. ఒకరోజు రెండు నిమిషాలు తక్కువ, ఒకరోజు నిమిషమున్నర ఎక్కువ. ప్రతి తేడాకూ దక్షిణామూర్తి గారి దగ్గరనుంచి ఒక అభ్యంతరం వచ్చేది.

కొత్త నిబంధన వల్ల బాగుపడినవాడు రత్నంబాబు. శిక్షకుల్లో అందరికన్నా పెద్దవాడు, ఈ వృత్తిలోకి రాకముందు ఒంగోలు చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పోటీలకు మైకులో వ్యాఖ్యానం చెప్పినవాడు. ఆరుపళ్ళ వయసు ఎడ్ల విభాగంలో ఒక జత రాతిబండను రెండు వందల అడుగులు లాగుతుంటే, ఆ ఎడ్ల యజమాని మూడు తరాల చరిత్ర అదే ఊపిరిలో చెప్పగలడు. విమానం నేల వదలగానే మొదలుపెట్టేవాడు. రెక్క ఎడమకు వంగింది, వంగిన రెక్క వంగినట్టే ఉంది, కుర్రవాడు తడబడుతున్నాడు, కుర్రవాడి పేరు సుధాకరు, సుధాకరుది కనిగిరి పక్క పల్లె. గంటకు యాభై రెండు నిమిషాలు ఆయన ఖాతాలో పడేవి. సుధాకరుకు ఎనిమిది మిగిలేవి. దిగాక వాడు ఎవరు పిలిచినా రెండోసారికి గాని పలికేవాడు కాదు.

అలివేలుకు మొదటి నెల గంటకు నాలుగు నిమిషాలు వచ్చాయి. ఇరవై గంటలు ఎగిరితే ఎనభై నిమిషాలు. చలమయ్య మాస్టారికి జాలివేసింది. "కాస్త దగ్గమ్మా, రాసేస్తా" అన్నాడు. దగ్గు విషయం సంఘానికి పోయింది. దగ్గు బోధన కాదనీ, అయితే విద్యార్థి పొరపాటు చేసినప్పుడు హెచ్చరికగా దగ్గినట్లు ఋజువైన యెడల పరిశీలించవచ్చుననీ జవాబు వచ్చింది. ఆ నెలంతా శిక్షకులకు కోరింత దగ్గు పట్టుకుంది.

ఇలాగైతే మార్చికి కాదు గదా, మనవలు పుట్టేనాటికి కూడా వెయ్యి నిండవని అలివేలుకు అర్థమైంది. నాలుగేళ్ళు ఇంకో ప్రకటన కోసం ఆ గుడ్డిదీపం లాంటి ఊళ్ళో ఎదురుచూసే ఓపిక ఆమెకు లేదు. మాట్లాడటం నేర్చుకుంది. మొదట విమానం గురించి తెలిసినదంతా చెప్పింది, అది పావుగంటలో అయిపోయింది. తర్వాత కింద కనిపించే ఊళ్ళ పేర్లు చెప్పింది. అవీ అయిపోయాయి. పదహారో ఎక్కం చెప్పింది. వాళ్ళమ్మ గోంగూర పచ్చడి నూరే పద్ధతి, ఎండుమిర్చి ఎప్పుడు తియ్యాలో, నువ్వుల నూనె ఎంత పొయ్యాలో, రెండువేల అడుగుల ఎత్తున పూసగుచ్చినట్టు చెప్పింది. జనవరి కల్లా గంటకు నలభై నిమిషాలకు చేరుకుంది. దిగాక గొంతు బొంగురుపోయి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, హాస్టల్లో ఎవరు పలకరించినా తలూపి ఊరుకునేది.

ఆమె విద్యార్థి మస్తాన్‌వలి. ముప్పై ఒక్క ఏళ్ళవాడు. తొమ్మిదేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా పతకం తెచ్చుకుని, డ్రైవర్లను పైలట్లు చేసే ఏదో కొత్త పథకంలో ఏడాది సెలవుమీద వచ్చాడు. ఆ ఏడాదిలోగా ఒక్కసారైనా ఒంటరిగా విమానం నడిపి దించితే ఇంకో ఏడాది సెలవు ఇస్తారు. లేకపోతే ఏప్రిల్ ఒకటి పొద్దున మళ్ళీ డిపోలో సంతకం పెట్టాలి. చేతులు మంచివి. దీపావళికి ముందే ఒంటరిగా పంపవచ్చునని అలివేలు అనుకున్న మనిషి, ఇప్పుడు విమానాన్ని రన్‌వే మీద కప్పలా గెంతిస్తున్నాడు.

ఒకరోజు దిగాక టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, తప్పుగా అనుకోబాకండి. తొమ్మిదేళ్ళు నా నెత్తిన బోర్డు ఉండేది, డ్రైవరుతో మాట్లాడరాదని. వెనక ఎనభై మంది తన్నుకు చచ్చినా నాతో ఎవురూ మాట్లాడలా. ఇప్పుడు విమానం దించేటప్పుడు మీరు గోంగూరలో నూనె పోస్తంటే నాకు దోవ మీద ధ్యాస నిలవటంలా."

అలివేలుకు సిగ్గేసింది. ఏదో అనబోయి, మాటలన్నీ గాలిలోనే ఖర్చయిపోయాయి కాబట్టి ఊరుకుంది.

ఒంటరిగా పంపమని అతను నోరు తెరిచి అడగలేదు. అడిగినా లాభం లేదు. విద్యార్థి ఒంటరిగా ఎగిరితే శిక్షకుడు కింద ఉంటాడు. కింద ఉన్నవాడు ఎంత మాట్లాడినా గాలిలో నిమిషాలు రావు. ఉన్నది ఒక్క విమానం. అందులో ఒక్క నిమిషమైనా మాట్లాడకుండా ఎవడు వదులుకుంటాడు? నాలుగు నెలలుగా గుండ్లమెట్టలో ఒక్క విద్యార్థి కూడా ఒంటరిగా ఎగరలేదు. "మావాళ్ళు ఇంకా నేర్పుతూనే ఉన్నారు, అంత శ్రద్ధ" అని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు. ఆయన ఖాతాలో కూడా అప్పటికి ముప్పై ఏడు గంటలు చేరాయి, శిక్షకుడు చెబుతుంటే విద్యార్థి అడ్డంవచ్చి "ఆఁ?" అన్న క్షణాలన్నీ కలిపి. ఎన్నడూ విమానమెక్కని ఆ పెద్దమనిషి నల్లకళ్ళద్దాలు కొనుక్కున్నాడు. ఆఫీసు మెట్లు దిగేటప్పుడు గాలి ఎటువైపు వీస్తోందో చూసి దిగేవాడు.

మార్చి ముప్పై వచ్చింది. అలివేలు పుస్తకంలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది గంటల నలభై అయిదు నిమిషాలు ఉన్నాయి. కావలసింది పదిహేను నిమిషాలు. ఆమెకు ఆ రోజు ఒక్క ప్రయాణమే దొరికింది. మర్నాడు విమానం మొత్తం రత్నంబాబు పేరున రాసి ఉంది. దొరికిన ఆ ఒక్క ప్రయాణం మస్తాన్‌తో. అతనికి కూడా అదే ఆఖరిది. ఆఫీసులో దక్షిణామూర్తి గారు సంవత్సరాంతపు తనిఖీకి వచ్చి కూర్చున్నారు.

పైకి లేచారు. అలివేలు మొదలుపెట్టింది. ఆ రోజు చెప్పడానికి ఇంక ఏమీ మిగలక ఒంగోలు బస్టాండులో ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో చెబుతోంది. మస్తాన్‌కు ఆ పట్టీ కంఠతా వచ్చు, మధ్యమధ్య తప్పులు దిద్దాడు, ఆ నిమిషం డైరెక్టరు గారికి పోయింది. మొదటి చుట్టు తిరిగి దించినప్పుడు విమానం మూడుసార్లు గెంతింది. చలమయ్య మాస్టారు వెనక సంచి వెతుక్కున్నాడు. ఆగకుండానే మళ్ళీ లేచారు.

రెండో చుట్టులో అలివేలు మస్తాన్ చేతివైపు చూసింది. పిడి పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. మామూలుగా అయితే అతను ఆ పిడిని బిడ్డ వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. ఈ మనిషికి విమానం రాక కాదు, తనవల్లే రావడం లేదని ఆమెకు అప్పుడు తెలిసింది. నాలుగు నెలలు నేర్పింది నేర్పింది కాదు, వచ్చినదాన్ని మరిపించింది. పామూరు బస్సు వేళ దగ్గర మాట ఆపేసింది.

ఆమె నోరు మూసుకోగానే అతని భుజాలు దిగాయి. వేళ్ళలోకి రంగు వచ్చింది. ఆ చుట్టు చివర విమానం ఎప్పుడు నేల తాకిందో చలమయ్య మాస్టారికి కూడా తెలియలేదు. ఇంకా ఎంతసేపట్లో దిగుతామని అడిగాడు.

అలివేలు విమానాన్ని రన్‌వే చివర ఆపించింది. బెల్టు విప్పుకుంది. మాస్టారిని కూడా దిగమంది. ఒంటరి అంటే ఒంటరే, వెనక సీట్లో గడియారం కూడా ఉండకూడదు. మాస్టారు గడియారం చూసి గొంతు తగ్గించాడు.

"ఆరు నిమిషాలు వచ్చినయ్యి తల్లీ. ఇంక తొమ్మిదే. తొమ్మిది నిమిషాలు ఏదోటి మాట్లాడు, నేను కళ్ళు మూసుకుని నొక్కేస్తా. తర్వాత దిగుదువు."

మాట్లాడితే చక్రం మళ్ళీ గెంతుతుంది. విమానాన్ని గెంతించిన మనిషిని ఒంటరిగా పంపడానికి ఆమెకు చెయ్యి రాదు. తొమ్మిది నిమిషాలూ తనవి, తొమ్మిదేళ్ళ డిపో అతనిది. ఆ తూకం చూసుకున్నప్పుడు ఆమెకు ఏడుపొచ్చిన మాట నిజం. నాలుగేళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. తలుపు తీసి దిగింది. దిగి, తలుపు గట్టిగా వేసి, గడి పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. మస్తాన్ అద్దంలోంచి ఆమె ముఖంలోకి చూశాడు, ఏమైనా చెబుతుందేమోనని. ఆమె చేత్తో వెళ్ళమంది.

విమానం బరువు తగ్గి తొందరగా లేచింది. గడ్డిలో ఇద్దరూ నిలబడ్డారు. అలివేలు చేతులు వెనక్కి కట్టుకుంది, ముందుంటే అవి తమంతట తామే పిడి లాగుతున్నాయి. ఎనిమిది నిమిషాలు. తన మొదటి ఒంటరి ప్రయాణంలో కూడా ఆమె అంత భయపడలేదు. విమానం మలుపు తిరిగి, ఎండలో ఒకసారి మెరిసి, రన్‌వేకు ఎదురుగా వచ్చి, మెత్తగా దిగింది. చలమయ్య మాస్టారు ఆపుకోలేక ఈల ఊదాడు.

మస్తాన్ దిగివచ్చి, రెండు చేతులూ జోడించి, చాలా మాటలు చెప్పాలనుకుని, "బాగా నిశ్శబ్దంగా ఉంది మేడమ్" అని మాత్రం అన్నాడు.

విధి నిర్వహణలో ఉండగా అనుమతి లేకుండా విమానం దిగిపోయినందుకు సంజాయిషీ అడుగుతూ డైరెక్టరు గారు అప్పటికే మెమో టైపు చేయిస్తున్నారు. ఇంతలో రిజిస్టరు దక్షిణామూర్తి గారి ముందుకు వెళ్ళింది. ఆయన ఎర్రకలం మూత తీసి మామూలుగా తేడా కోసం వెతికారు. విమానం ఎగిరినది ఎనిమిది నిమిషాలు. విద్యార్థికి ఎనిమిది. శిక్షకురాలికి సున్నా. సంస్థకు సున్నా. తేడా సున్నా. మళ్ళీ కూడారు. కిందినుంచి పైకి కూడారు. ఎర్రకలం మూత పెట్టేశారు. నాలుగు నెలల్లో ఆయన ఈ సంస్థమీద రెండు వందల పన్నెండు అభ్యంతరాలు రాశారు. సరిపోయిన ప్రయాణం ఇదొక్కటే.

"ఈ ఫలితము ఎట్లు సాధింపబడినది?" అని అడిగారు. 

శిక్షకురాలు దిగిపోయిందని చెప్పారు.

దక్షిణామూర్తి గారు రిజిస్టరు మళ్ళీ మొదటినుంచి తిరగేశారు. శిక్షకుడు లోపల ఉన్న ప్రతి ప్రయాణంలోనూ తేడా వచ్చింది, లేని ప్రయాణంలో రాలేదు, కాబట్టి తేడాకు కారణం శిక్షకుడేనని తేల్చారు. డైరెక్టరు గారు మెమోను చింపి, అదే కాగితం వెనక ప్రశంసాపత్రం రాయించారు. ఒక్క నిమిషం కూడా బోధించకుండా ఆదర్శప్రాయమైన బోధన చేసినందుకు అలివేలును అభినందించడమైనదని. మర్నాడు ఆర్థిక సంవత్సరం ఆఖరిరోజు కావటంతో, ఎన్నడూ లేని విధంగా ఆ సాయంత్రానికే సర్క్యులర్ కూడా వచ్చేసింది.

"ఇకమీదట శిక్షకులు విమానములో ప్రవేశింపరాదు. ప్రతి ప్రయాణమునకు ఒక శిక్షకుడు నేలమీద హాజరై యుండవలెను. గాలిలోని కాలము సంపూర్ణముగా విద్యార్థికే చెందును. ముందుగా వ్రాసిన కేటాయింపులన్నియు రద్దు చేయడమైనది."

మరి కొత్తగా చేరేవాళ్ళకు ఎవరు నేర్పుతారని క్లర్కు అడిగాడు. ఆ విషయం వచ్చే ఆర్థిక సంవత్సరంలో పరిశీలిస్తామన్నారు.

మర్నాడు పొద్దున ఆఫీసు కిటికీ దగ్గర ఒక వరస కనబడింది. ముందు రత్నంబాబు, వెనక మిగతా ముగ్గురు శిక్షకులు, చివర అలివేలు. అందరి చేతుల్లోనూ విద్యార్థిగా చేర్చుకోమని దరఖాస్తులు. గంటలు విద్యార్థికే అయితే విద్యార్థులే అవుదామని ఎవరికి వాళ్ళకే తోచింది. డైరెక్టరు గారు కూడా నల్లకళ్ళద్దాలతో వచ్చి వరసలో అందరికన్నా ముందు నిలబడ్డారు. విమానంలో ఒక్కరే కూర్చోవాలని చలమయ్య మాస్టారు గుర్తుచేశాడు. పాలనా కారణాల వల్ల తమ దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నట్లు వెంటనే ఉత్తర్వు ఇచ్చి ఆయన లోపలికి వెళ్ళారు.

అలివేలు దరఖాస్తులో 'పూర్వానుభవము' అనేచోట ఉన్నదున్నట్టు రాసింది. తొమ్మిది వందల తొంభై తొమ్మిది గంటల యాభై ఒక్క నిమిషాలు. అంత అనుభవం ఉన్నవాళ్ళను విద్యార్థిగా తీసుకోవడానికి రూలు ఒప్పదని క్లర్కు అన్నాడు. 'లేదు' అని రాయమన్నాడు. రాసింది. రత్నంబాబు వెనక్కి తిరిగి ఆ కొట్టేసిన అంకె చూశాడు. నోరున్న మనిషే గాని మనసు లేని మనిషి కాదు.

"తొమ్మిది నిమిషాలంట. ముందు ఆ పిల్లను ఎక్కనీయండయ్యా. నాకు మైకులో మళ్ళీ ఎడ్లు ఉండనే ఉండయ్యి" అన్నాడు, అందరినీ పక్కకు తోస్తూ.

అప్పుడొక చిక్కు వచ్చింది. నేలమీద శిక్షకుడు హాజరై ఉండాలి. శిక్షకులందరూ పది నిమిషాల క్రితమే విద్యార్థులైపోయారు. గుండ్లమెట్ట మొత్తంమీద ఒంటరిగా విమానం దించేసి, సెలవు పొడిగింపు కాగితం జేబులో పెట్టుకుని, ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే కనబడ్డాడు. డైరెక్టరు గారు మస్తాన్‌వలిని ఆ పూటకు తాత్కాలిక శిక్షకుడిగా నియమించారు.

మస్తాన్ గడ్డిలో నిలబడి బిక్కమొహం వేశాడు. తానేం చెప్పాలని అలివేలును అడిగాడు. ఏమీ అక్కర్లేదని ఆమె తలూపి, లోపల కూర్చుని, తలుపు వేసుకుంది. అతను వచ్చి బయటినుంచి ఆ తలుపు రెండుసార్లు లాగి చూశాడు.

పక్కసీటు ఖాళీగా ఉన్న విమానంలో కూర్చోవడం అలివేలుకు మూడేళ్ళ తర్వాత అదే మొదటిసారి. పైకి లేచాక అలవాటు కొద్దీ నోరు తెరిచింది. వినేవాళ్ళు లేరని గుర్తొచ్చి మూసుకుంది. గాలి చప్పుడు, ఇంజను చప్పుడు, తన ఊపిరి చప్పుడు మూడూ విడివిడిగా వినిపించాయి. దూరంగా చీమకుర్తి కొండలు చెక్కిన చోటల్లా తెల్లగా కనిపించాయి. ఆ క్రేన్లలో ఒకటి వాళ్ళ నాన్నది. తొమ్మిది నిమిషాలయ్యాయి. దిగిపోవచ్చు. ఆమె ఇంకో చుట్టు తిరిగింది, ఆ తర్వాత మరోటి. కింద చలమయ్య మాస్టారు గడియారం నొక్కడం మర్చిపోయి, మొట్టమొదటిసారి కడుపులో తిప్పకుండా ఆకాశం చూశాడు.

ఇరవై నిమిషాలకు దిగింది. వెయ్యి గంటల పదకొండు నిమిషాలు. లాగ్‌బుక్కులో శిక్షకుడి సంతకం కావాలి. దాని పక్కన 'ఈ ప్రయాణమందు శిక్షకుడు నేర్పినది' అని ఒక గడి ఉంటుంది. మస్తాన్ కలం పట్టుకుని ఏం రాయాలని అడిగాడు.

"నిన్న నేను నీకు ఏం నేర్పానో అదే రాయి" అంది అలివేలు.

అతను రెక్క కింద నీడలో గొంతుక్కూర్చుని, పుస్తకం మోకాలిమీద పెట్టుకుని, బస్సు ట్రిప్‌షీటు నింపే గుండ్రటి అక్షరాలతో, 'మీరు నడపగలరని' అని రాసి సంతకం పెట్టాడు.

కంపెనీకి దరఖాస్తు నాలుగింటికల్లా వెళ్ళింది. జూన్‌లో అలివేలు అందరికీ మైసూర్‌పాక్ పంచి బస్సెక్కింది. రత్నంబాబు బస్సు కదిలేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

జూలైలో దక్షిణామూర్తి గారి దగ్గరనుంచి ఒక అభ్యంతరం వచ్చింది. మార్చి ముప్పై ఒకటో తేదీ ప్రయాణంలో శిక్షకుడి కాలం సున్నా అని చూపబడినదనీ, అయితే నేర్పినట్లు రెండు మాటలు నమోదై యున్నవనీ, అట్టి రెండు మాటలకు ఎన్ని సెకండ్లు పట్టినవో, అవి ఎవరి కాలములోనివో వారంలోగా తెలియజేయవలసిందనీ. జవాబు ఇంతవరకు వెళ్ళలేదు. చెప్పవలసిన ఇద్దరిలో ఒకరు ఉద్యోగంలో చేరిపోయారు, ఇంకొకరు గాలిలో ఉన్నారు.